బేరియం పేరులోని బరువు ఎవరిది?

సంపాదకులకు నమస్కారం.

మంగంపేట బైరైటీస్ గనుల గురించి ఇటీవల మీ పత్రికలో వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివించింది. అయితే బేరియం చాలా బరువైన లోహం కాబట్టే, బరువైనదని అర్థమిచ్చే 'బరుస్' అన్న గ్రీకు మాట నుంచి దానికా పేరు పెట్టారని వ్యాసకర్త రాశారు. మాట మూలం సరైనదే గానీ, చెప్పిన కారణం సరికాదు. ఘన సెంటీమీటరుకు సుమారు మూడున్నర గ్రాములు తూగే బేరియం ఇనుములో సగం బరువు కూడా ఉండదు.

బరువంతా బేరియం ఉండే బైరైటీస్ రాయిది. మంగంపేట ఉన్న ఓబులవారిపల్లె మండలంలో తవ్వితీసే ఆ రాయిని మనవాళ్లు ముగ్గురాయి అంటారు. ముగ్గురాయి ముక్కనూ, అంతే పరిమాణం గల నాపరాయి ముక్కనూ చెరొక చేతిలోకి తీసుకుంటే, ముగ్గురాయి ఉన్న చెయ్యి దానంతటదే కిందికి దిగుతుంది. నాపరాయి సాంద్రత 2.7 దరిదాపుల్లో ఉంటే దీనిది దాదాపు 4.5. ఇటలీలోని బొలోన్యాలో 17వ శతాబ్దం ఆరంభంలో కాషారోలో అనే చెప్పులు కుట్టే వ్యక్తి ఇలాంటి రాతినే బంగారం ఆశతో బొగ్గుతో కలిపి కాల్చగా, బంగారం రాలేదు గానీ చీకట్లో వెలిగే పదార్థం ఒకటి వచ్చింది. 1774లో స్వీడన్ రసాయనవేత్త షీలే ఇందులో కొత్త మృత్తిక (లోహ ఆక్సైడును అప్పట్లో అలా పిలిచేవారు) ఉందని గుర్తించాడు. దానిని మొదట లాటిన్‌లో 'బరువైన మట్టి' అన్నారు, ఆపై ఫ్రెంచి రసాయనవేత్తలు గ్రీకు మాటతో 'బరైట్' అని పేరు స్థిరపరిచారు. 1808లో హంఫ్రీ డేవీ విద్యుత్తు సాయంతో అందులోని లోహాన్ని వేరుచేసినప్పుడు, అప్పటికే వాడుకలో ఉన్న ఆ పేరు చివర 'ఇయం' చేర్చారు. తేలిక లోహానికి బరువు పేరేమిటని కేంబ్రిడ్జి ఆచార్యుడు ఎడ్వర్డ్ క్లార్క్ ఆక్షేపించి, ప్లుటోనియం అని మార్చాలన్నాడు. ఎవరూ వినిపించుకోలేదు, ఆ పేరు 20వ శతాబ్దంలో మరో మూలకానికి దక్కింది.

తెలుగు 'బరువు'కూ గ్రీకు 'బరుస్'కూ చుట్టరికం ఉండవచ్చని కూడా వ్యాసంలో సూచించారు. వినికిడి పోలికను బట్టి అలా వియ్యం కలపడం తొందరపాటు. భాషాశాస్త్రజ్ఞులు 'బరుస్'కు తోబుట్టువుగా చూపేది, చెవికి ఏ మాత్రం పోలిక తోచని సంస్కృత 'గురు' శబ్దాన్ని. ఛందస్సులో లఘువు పక్కన మనం చదువుకున్న గురువు అదే.

పోటీ పరీక్షలకు సిద్ధమయ్యే పిల్లలు మీ పత్రికలోని ఇలాంటి వ్యాసాలను కత్తిరించి దాచుకుంటారు కనుక, లోహం బరువు గురించిన వాక్యానికైనా సవరణ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, కడప