చెరువు పూడికతో పాటు పోతున్న బొగ్గు పొరలు

సంపాదకులు గారికి నమస్కారాలు.

గత వేసవిలో కనిగిరి ప్రాంతంలోని మా ఊరి చెరువులో పూడిక తీస్తుండగా, నిలువెత్తు లోతున నలుపు, ఎరుపు రంగుల కుండపెంకులు, వాటి కింద జానెడు మందాన బూడిదా బొగ్గూ కలిసిన పొర ఒకటి బయటపడ్డాయి. కబురు తెలిసి నేను గట్టు ఎక్కేసరికి జేసీబీ ఆ పొరను సగానికి పైగా ఎత్తి ట్రాక్టర్లలో పోసేసింది. ఒక పెద్దాయన మిగిలిన బొగ్గు ముక్కలను పాత దినపత్రికలో పొట్లం కట్టి, "అయ్యవారూ, కార్బన్ పరీక్షకు పంపిస్తే ఎన్ని వేల ఏండ్లదో తేలుద్దంట గదా" అంటూ ఎంతో ఆశగా నా చేతికిచ్చారు. ముప్పై ఏళ్ళు రసాయనశాస్త్రం చెప్పిన నాకు ఆ పొట్లం విప్పి చూశాక ప్రాణం ఉసూరుమంది.

చెట్టూ చేమా గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటాయి. అందులో సుమారు లక్ష కోట్ల కార్బన్ పరమాణువులకు ఒకటి చొప్పున రేడియోధార్మికత ఉన్న కార్బన్-14 ఉంటుంది. చెట్టు చచ్చిన నాటి నుంచి అది కొత్తగా చేరదు. ఉన్నది ప్రతి 5,730 ఏళ్ళకు సగం చొప్పున తరిగిపోతుంది. మిగిలినదాన్ని కొలిచి కాలం చెప్పే ఈ పద్ధతిని 1940ల చివరిలో షికాగో విశ్వవిద్యాలయంలో రూపొందించినందుకే రసాయన శాస్త్రవేత్త విల్లార్డ్ లిబ్బీకి 1960లో నోబెల్ బహుమతి వచ్చింది. అప్పట్లో గ్రాముల కొద్దీ బొగ్గు కావలసి వచ్చేది. ఇప్పుడు కార్బన్-14 పరమాణువులను నేరుగా లెక్కించే యాక్సిలరేటర్ పద్ధతిలో ఒక మిల్లీగ్రాము కార్బన్ చాలు, ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లో ఆ సౌకర్యం ఉంది.

అలాంటప్పుడు ఆ పొట్లంతో పనెందుకు జరగదని పాఠకులు అడగవచ్చు. మొదట అనుమానం వచ్చేది కల్తీ మీద. బొగ్గుకు అంటుకున్న కాగితపు నూగూ, ముక్కల్లోకి దూరిన సర్కారు తుమ్మ పిల్లవేర్లూ ఈ కాలపు కార్బనే. అయినా రెండు మూడు వేల ఏళ్ళ నాటి బొగ్గులో అలాంటిది నూటికి ఒక వంతు కలిస్తే వచ్చే తేడా సుమారు ఇరవై నుంచి నలభై ఏళ్ళే. పైగా ప్రయోగశాలలో ఆమ్లంతో, క్షారంతో కడిగి దాన్ని చాలావరకు తొలగిస్తారు. నమూనా ఎంత పాతదైతే ఆ తప్పు అంత పెరుగుతుంది. 2024లో మన ఉమ్మడి ప్రకాశం జిల్లాలో బయటపడిన నిప్పుకోడి గూడు 41 వేల ఏళ్ళ నాటిదని పత్రికల్లో చదివాం. అంత పాత నమూనాలో మొదట ఉన్న ప్రతి వెయ్యి కార్బన్-14 పరమాణువులకు ఏడే మిగులుతాయి కనుక, అదే నూటికి ఒక వంతు కల్తీ ఏడు వేల ఏళ్ళకు పైగా తప్పు చూపిస్తుంది.

మా చెరువు బొగ్గు విషయంలో పూడ్చలేని నష్టం కల్తీ కాదు, పొర పోవడం. ఏ ముక్క కుండపెంకుల పక్కన ఉండిందో, ఏది పైనుంచి జారిపడిందో ఇక ఎవరూ చెప్పలేరు. ల్యాబు బొగ్గు వయసు చెబుతుంది గానీ ఆ బొగ్గుకూ ఆ కుండకూ ఉన్న సంబంధాన్ని చెప్పలేదు. దీనికి తోడు గాలిలో కార్బన్-14 అన్ని కాలాల్లోనూ ఒకే తీరుగా లేనందువల్ల, వచ్చిన అంకెను కాలం కచ్చితంగా తెలిసిన చెట్ల వలయాల లెక్కతో సరిచూడాలి. ఆ లెక్కలో క్రీస్తుపూర్వం 800 నుంచి 400 వరకు ఏ ఏటి బొగ్గుకైనా దాదాపు ఒకే అంకె వస్తుంది. మన దక్షిణాదిలో ఇనుప యుగపు కుండలు వాడిన కాలంలో కొన్ని శతాబ్దాలు ఆ పరిసరాల్లోవే. ఒక్క ముక్కతో అక్కడ కాలం తేలదు. ఒకదానిపై ఒకటిగా ఉన్న పొరల నుంచి వరసగా తీసిన నాలుగైదు ముక్కలు కావాలి. జేసీబీ తొట్టి ఒక్కసారి దిగితే చెదిరిపోయేది ఆ వరసే.

పత్రికలకూ ఒక విన్నపం. రాతి విగ్రహాన్ని కార్బన్ పరీక్షకు పంపుతారన్న వార్తలు తరచూ కనిపిస్తున్నాయి. రాయి ఎన్నడూ గాలి పీల్చి బతికినది కాదు, ఆ పరీక్ష శిల్పి చెక్కిన కాలాన్ని చెప్పదు. గుండ్లకమ్మ లోయలో దొరికే పాత రాతియుగపు పనిముట్లలో చాలావాటి కాలం సుమారు 50 వేల ఏళ్ళ ఈ పద్ధతి హద్దుకు ఎంతో అవతలిది. వాటి చుట్టూ ఉన్న మట్టిని వేరే పద్ధతుల్లో పరీక్షిస్తారు. "వేల ఏళ్ళ నాటిది" అని రాసేముందు ఏ వస్తువును పరీక్షించారో, అది ఏ పొరలో దొరికిందో విలేకరులు అడిగి ఒక్క వాక్యంలో రాస్తే చాలు.

1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో పది రూపాయలకు మించిన విలువైనది దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. బొగ్గుకు ఎవరూ పది రూపాయలు కట్టరు కాబట్టి అది ట్రాక్టరెక్కుతోంది. కనుక ప్రకాశం, మార్కాపురం, నెల్లూరు జిల్లాల కలెక్టర్లు ఈ వేసవి పనులకు ముందే పూడికతీత ఒప్పందాల్లో ఒక షరతు చేర్చాలని కోరుతున్నాను. కుండపెంకులు, ఎముకలు, బూడిద పొర కనిపించిన చోట పని ఆపి పక్కన తవ్వుకోవాలి. ఎవరూ చేత్తో ఏరకుండా ఫొటో తీసి, లోతు కొలిచి, తహసీల్దారు ద్వారా పురావస్తు శాఖకు కబురు చేయాలి. తీయక తప్పని పరిస్థితే వస్తే శుభ్రమైన తాపీతో తీసి, కాగితంలోనో గుడ్డలోనో కాక వంటింట్లో వాడే అల్యూమినియం రేకులో చుట్టి, ఏ లోతున తీశారో దాని మీద రాయాలి. పంచాయతీ కార్యదర్శులకు, జేసీబీ డ్రైవర్లకు ఈ సంగతి చెప్పడానికి ఒక పూట చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కనిగిరి ప్రాంతం, మార్కాపురం జిల్లా