బొమ్మను తిప్పి చూడు

చిరంజీవి చిన్నికి,

అమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన ఫొటోలు నిన్న రాత్రి చూశాను. రెండు వారాలు కూర్చుని చేసిన మట్టి తలకు ఎడమ చెవి ఊడి బల్ల మీద పడి ఉంది. కింద "నాకు ఈ విద్య రాదమ్మా" అని రాశావు. నేను చెప్పవలసినవి ఫోనులో విని మరచిపోయే సంగతులు కావు. బొమ్మను ఎదురుగా పెట్టుకుని నిదానంగా చదువుకుంటావని ఉత్తరం రాస్తున్నాను.

ముందు చెవి సంగతి చెబుతాను. నువ్వు చెవి పెట్టేసరికి తల సగం ఆరి గట్టిపడింది, చెవేమో అప్పుడే ముద్దలోంచి తీసిన తడి మట్టి. ఆరేకొద్దీ మట్టి కుంచించుకుపోతుంది. అప్పటికే కొంత కుంచించుకున్న తలకూ, ఇంకా కుంచించుకోవలసిన చెవికీ మధ్య పగులు రాక తప్పదు. పైగా నున్నటి చెంపకు నున్నటి చెవిని అదిమి వదిలేశావని ఊడిన చోటు చూస్తేనే తెలుస్తోంది, ఆ మచ్చ మీద ఒక్క గీత కూడా లేదు. అతికే రెండు వైపులా సూదితో అడ్డంగా, నిలువుగా గీతలు గీసి, నీళ్లలో చిక్కగా కలిపిన మట్టిని ఆ గీతలు నిండేలా పూయాలి. తరవాత చెవిని పెట్టి కొద్దిగా అటూ ఇటూ కదుపుతూ, అంచుల వెంట ఆ చిక్కటి మట్టి బయటికి ఉబికి వచ్చేదాకా నొక్కాలి. అలా ఉబికిందంటే లోపల గాలి మిగల్లేదని లెక్క. అప్పుడు చెవి అంచు మట్టిని చెంప మీదికీ, చెంప మట్టిని చెవి మీదికీ వేలితో లాగి అతుకు మాయం చేయాలి. ఆ రాత్రంతా తడిగుడ్డ చుట్టి, పైన ప్లాస్టిక్ కవరు కప్పి ఉంచితే రెండింటి తడీ ఒకటవుతుంది.

అయితే చెవి కంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది వేరే విషయం. నువ్వు ఆరు ఫొటోలు పంపావు, ఆరూ ఎదుటి నుంచి తీసినవే. మన భాషలో గీసినదాన్నీ బొమ్మే అంటాం, చేసినదాన్నీ బొమ్మే అంటాం. ఇన్నేళ్లుగా గీసిన అలవాటుతో నువ్వు మట్టి మీద కూడా గీస్తున్నావు తల్లీ. ముఖమంతా ఒకే పలక మీద పరచినట్టు ఉంది, కళ్లు రెండు గీతల మధ్య పల్లాలుగా మిగిలాయి, తల వెనకభాగం గురించి నీకు తలపే వచ్చినట్టు లేదు. మొదటిసారి తల చేసేవాళ్లలో దాదాపు అందరూ ఇక్కడే ఆగిపోతారు, నేను కూడా చాలాకాలం ఇక్కడే ఉన్నాను.

అద్దం ముందు నిలబడి ఒక పుల్లతో నీ ముఖాన్నే కొలిచి చూడు. నడినెత్తి నుంచి గడ్డం దాకా ఉన్న ఎత్తులో కళ్లు ఇంచుమించు సరిగ్గా సగంలో ఉంటాయి. నువ్వు చేసిన తలలో అవి చాలా పైకి వెళ్లాయి, అందుకే పైన పుర్రెకు చోటు చాలలేదు. రెండు కళ్ల మధ్య దూరం ఒక కన్ను వెడల్పు ఉంటుంది. పక్క నుంచి చూస్తే నుదుటి నుంచి తల వెనక వరకు ఉన్న పొడవు, తల ఎత్తుకు కొంచెమే తక్కువ. చెవి ఆ పొడవులో నడిమికి వెనకగా, కనుబొమకూ ముక్కు కింది అంచుకూ మధ్య ఉంటుంది. ఈ కొలతలు మనిషిని బట్టి కొద్దిగా మారతాయి కానీ, మొదట ఇవి చేతికి అలవాటు కావాలి.

కన్ను గీయవద్దు. పుర్రెలో ముందు రెండు గుంటలు చేసి, వాటిలో మట్టి గోళీలు కూర్చి, ఆ గోళీల మీద పైరెప్ప, కిందిరెప్ప సన్నటి పట్టీలుగా కప్పు. రెప్ప గోళీ మీదుగా వంగినప్పుడు దాని కింద పడే నీడ ఏ గీతకూ రాదు.

బల్ల మీద తిరిగే పలక ఉంటే మంచిది, లేకపోతే నువ్వే బొమ్మ చుట్టూ తిరుగు. ఐదు నిమిషాలు ఒక వైపు పనిచేశాక కొంచెం తిప్పి, అక్కడి నుంచి కనబడే అంచుగీతను మాత్రమే సరిచేసి, మళ్లీ తిప్పు. ఫ్రెంచి శిల్పి ఆగస్ట్ రోడిన్ ఇలాగే ఒక అంచు తరవాత మరో అంచు చూసుకుంటూ మట్టి పనిచేసేవాడు. 1877లో ఆయన నిలువెత్తు మనిషి విగ్రహాన్ని ప్రదర్శించినప్పుడు, బతికున్న మనిషి ఒంటి మీదే అచ్చు తీశాడని అపవాదు వేశారు, ఏ వైపు నుంచి చూసినా అది అంత నిజంగా ఉంది.

ఇంకొక మాట, తొందరపడి నునుపు చేయకు. తడి వేలితో పదేపదే రుద్దితే పైపొర మెత్తబడి, ఆరాక అక్కడే నెర్రెలు వస్తాయి. పెద్ద ముద్దల ఆకారం కుదిరేదాకా తల మీద వేళ్ల గుర్తులు ఉండనీ.

తరవాత నిలబడే మనిషి బొమ్మ చేస్తానన్నావు కనుక ఇదీ వినాలి. నా మొదటి గుర్రాన్ని లోపల తీగ లేకుండా నిలబెట్టాను. సాయంత్రం నాలుగు కాళ్ల మీద నిలిచింది, తెల్లారేసరికి మోకాళ్లు కుంగి పొట్ట బల్లకు ఆనింది. ఆ రోజు నేను చాలా ఏడ్చాను. చిత్రకారుడు డెగా 1917లో చనిపోయాక ఆయన స్టూడియోలో మైనంతో, మట్టితో చేసిన బొమ్మలు దాదాపు నూటయాభై దొరికాయి. వాటిలో చాలా విరిగిపోయి ఉన్నాయి. మిగిలినవాటికి ఎక్స్‌రే తీస్తే లోపల తీగలతో పాటు సీసా బిరడాలు, కుంచె పిడులు కూడా కనబడ్డాయి. అంతటివాడు కూడా చేతికి అందినదాన్ని లోపల పెట్టి బొమ్మను నిలబెట్టుకున్నాడు. నువ్వు అల్యూమినియం తీగను రెండు పేటలుగా మెలిపెట్టి, పాదాల దగ్గర చెక్కకు బిగించి, ఆ తరవాతే మట్టి వేయి. తీగతో ఉన్న మట్టిబొమ్మ బట్టీకి పనికిరాదని మాత్రం గుర్తుంచుకో. మట్టి కుంచించుకున్నా తీగ కుంచించుకోదు.

పాలిమర్ క్లేకు మారనా అని అడిగావు. అది నీళ్ల మట్టి కాదు, ఒకరకం ప్లాస్టిక్ ముద్ద, గాలికి ఆరదు, ఓవెన్‌లో సుమారు 130 డిగ్రీల దగ్గర గట్టిపడుతుంది. పొట్లం మీద రాసిన వేడిని దాటిస్తే మాడి, హానిచేసే పొగ వస్తుంది. వేలెడంత బొమ్మలకు చక్కగా ఉంటుంది. తల నేర్చుకోవడానికి మాత్రం ఎన్నాళ్లైనా గట్టిపడని ప్లాస్టిసిన్ కానీ, ఇప్పుడున్న మట్టి కానీ చాలు. ఎన్నిసార్లైనా తీసి పెట్టుకోవచ్చు.

నీ తలలో ఒకటి నాకు చాలా నచ్చింది. కింది పెదవికీ గడ్డానికీ మధ్య ఉన్న చిన్న పల్లం. అక్కడ నీ బొటనవేలి రేఖలు కూడా కనబడుతున్నాయి, ఒక్క నొక్కుతో వచ్చినట్టుంది. ఆ చోట నువ్వు గీయలేదు, చేశావు.

ఈ తలను కాల్చవద్దు. పూర్తిగా ఎండనిచ్చి, ముక్కలు చేసి బకెట్ నీళ్లలో వెయ్యి. సగం ఆరినదాని కంటే బాగా ఎండిన మట్టే త్వరగా కరిగి మళ్లీ మెత్తని మట్టి అవుతుంది. నీళ్లలో వేసే ముందు మాత్రం రెండు పక్కల నుంచి, పై నుంచి, వెనక నుంచి ఫొటోలు తీసి పంపు. ఆ తల వెనక ఎలా ఉందో నేనింకా చూడలేదు.

ఇట్లు,
మీ అమ్మ