ఒకే ఖర్చుకు మూడు పాలసీలా?

సంపాదకునికి,

అయ్యా,

ఈమధ్య ఉద్యోగుల ఇళ్లలో ఆరోగ్య బీమా పాలసీలు పోగుపడుతున్నాయి. కంపెనీ ఇచ్చే గ్రూపు పాలసీ ఒకటి, ఏజెంటుగా చేరిన బంధువు మొహమాటపెట్టి కట్టించినది ఇంకొకటి, డిపాజిట్ రెన్యువల్‌కు వెళ్తే బ్యాంకులో అంటగట్టినది మరొకటి. ఎన్ని ఉంటే అంత డబ్బు వస్తుందని చాలామంది భ్రమపడుతున్నారు. ఆసుపత్రి ఖర్చును భరించే పాలసీలు ఎన్ని ఉన్నా, అన్నీ కలిపి ఇచ్చేది అయిన ఖర్చుకు మించదు. తీవ్ర వ్యాధి సోకితే నిర్ణీత మొత్తం, ఆసుపత్రిలో ఉన్న రోజుకు ఇంత అని చెల్లించే పాలసీల సంగతి వేరు. అమ్మేవారు ఈ తేడా విడమరచి చెప్పరు.

ఐదేసి లక్షల పాలసీలు రెండున్న వ్యక్తికి మూడు లక్షల బిల్లయిందనుకుందాం. మొదటి కంపెనీ గ్లౌజులు, మాస్కుల ఖర్చు కోసేసి, గది అద్దె పరిమితి దాటిందని మరికొంత తగ్గించి 2,60,000 రూపాయలు ఇస్తే, మిగతా నలభై వేల కోసం సెటిల్‌మెంట్ లెటర్, డిశ్చార్జి సమ్మరీ, ఆసుపత్రి ముద్ర వేసిన బిల్లుల నకళ్లు పట్టుకుని రెండో కంపెనీని ఆశ్రయించాలి. అక్కడ గది అద్దెకు పరిమితి లేకుంటే ఆ తేడా రావచ్చు గానీ, గ్లౌజుల దగ్గర సాధారణంగా అక్కడా కోతే. ఇంతమాత్రానికి ఏటా పూర్తి ప్రీమియం కట్టవలసి వస్తోంది.

ముందుగా ఏ కంపెనీకి క్లెయిమ్ పెట్టాలో పాలసీదారే నిర్ణయించుకోవచ్చనీ, ఆ మొత్తం చాలకపోతే మిగతా కంపెనీలతో ఆ మొదటి కంపెనీయే సమన్వయం చేసుకోవాలనీ బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మే నెలలో మాస్టర్ సర్క్యులర్ ఇచ్చింది. అయినా కాగితాలు మోసే పని రోగి బంధువులకు పూర్తిగా తప్పలేదు.

అలాగని సొంత పాలసీని వదులుకోమనడం లేదు. ఉద్యోగంతోపాటే గ్రూపు పాలసీ పోతుంది. అరవై ఏళ్ల వయసులో కొత్తగా తీసుకుంటే అప్పటికే ఉన్న బీపీ, షుగర్‌ల వంటి వాటికి మూడేళ్ల దాకా నిరీక్షణ ఉండవచ్చు. సొంతంగా ఒకటి ఉంచుకుని, పెద్ద ఖర్చుల భయం ఉంటే దానిపై సూపర్ టాప్అప్ తీసుకోవడం మేలు. మనం ఎంచుకున్న పరిమితి, ఉదాహరణకు ఐదు లక్షలు, దాటిన ఖర్చుకే వర్తిస్తుంది కనుక దాని ప్రీమియం తక్కువ.

2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీలపై 18 శాతం జీఎస్‌టీ తొలగిపోయాక, ‘ఇప్పుడు చవక, ఇంకొకటి తీసుకోండి’ అనే ఫోన్లు మా ఇంటికీ వస్తున్నాయి. ప్రపోజల్ ఫారంలో ‘ఇతర పాలసీలు ఉన్నాయా’ అన్న ప్రశ్నకు ఏజెంటే ‘లేవు’ అని రాసేస్తే, రేపు క్లెయిమ్ వేళ సంజాయిషీ చెప్పుకోవలసింది పాలసీదారే. ఉన్న పాలసీలకు మించి కొత్తది అదనంగా ఏమిస్తుందో అమ్మే ముందే తెలుగులో రాసిచ్చి సంతకం చేసేలా ఐఆర్‌డీఏఐ నిబంధన తేవాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
విజయవాడ