కాంటెస్సా మీది కవరు తియ్యి బావా

బావా,

నీ వాయిస్ మెసేజ్ విన్నా. జవాబు కూడా అట్లనే పంపొచ్చు. కానీ ఫోన్ చేస్తే సగం మాటకే అడ్డం తగుల్తావు, వాయిస్ పంపితే స్పీడు పెంచి వింటావు. అందుకే కాగితం మీద పెడుతున్నా. తీరిగ్గా కూర్చొని చదువు.

మీ నాయిన పాత కాంటెస్సా కారు కోసం హైదరాబాద్ నుంచి ఎవరో వచ్చి రేటు చెప్పారని, నువ్వు అమ్మేది లేదన్నావని వినగానే శభాష్ అనుకున్నా. ఆ వెంటనే "ఇక దాన్ని రోడ్డెక్కించను, కిలోమీటర్లు పెరిగితే రేటు పడిపోతుంది, పదేళ్ళు కప్పి పెడితే బంగారమే" అన్నావు చూడు, అక్కడ నాకు మండింది. దసరాకు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు కూడా పెట్టినవంట. ఆ నిమ్మకాయలను తొక్కించనన్నా తొక్కించినవా, లేక వాటిని కూడా చేత్తోనే తీసినవా?

నిలబెట్టిన కారు ఉన్నది ఉన్నట్టు ఉండదు బావా. మా అమ్మ గద్వాల పట్టుచీర తెలుసు కదా, బీరువాలో ఏండ్ల తరబడి మడత మీదనే ఉండి, కట్టుకుందామని తీస్తే మడత మడతకూ చిరిగింది. కారు కూడా అంతే. ట్యాంకులో ఉన్న పెట్రోల్ సంగతే తీసుకో. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది ఈ20, అంటే నూటికి ఇరవై పాళ్ళు ఇథనాల్. అది గాలిలోని తేమను పీలుస్తుంది. తేమ ఎక్కువైతే నీళ్ళూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుగుకు దిగుతాయి, ఇనుప ట్యాంకు అక్కడి నుంచే తుప్పు పడుతుంది. ఇంజిన్‌కు పెట్రోల్‌ను గాలితో కలిపి పంపే కార్బురేటర్ గిన్నెలో మిగిలిన కొంచెం పెట్రోల్ ఆవిరై, అడుగున పసుపు రంగు జిగురు మిగులుతుంది. దాంట్లో పెట్రోల్ పోయే జెట్ రంధ్రం ఎంత ఉంటుంది, సూది మొన దూరేంత. దాంట్లోకి ఆ జిగురు పోయిందంటే ఎంత సెల్ఫ్ కొట్టినా బండి అందుకోదు. బ్రేక్ ఆయిల్ కూడా తేమ పీల్చేదే, లోపల పిస్టన్లు తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. క్లచ్ ప్లేటు ఇంజిన్‌తో పాటు తిరిగే ఫ్లైవీలు చక్రానికి అతుక్కుంటుంది. బ్యాటరీ సంగతి చెప్పే పనే లేదు. ఇక మీ షెడ్డు పక్కనే వడ్ల బస్తాలు, వాటి వెనక ఎలుకలు. వడ్లు తిని తిని విసుగొస్తే అవి వైరింగు మీద పడతాయి.

నువ్వు అనబోయేది నాకు తెలుసు. "వారానికోసారి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఉంచి ఆపేస్తున్నా కదా" అంటావు. అసలు అదే ఎక్కువ చెరుపు. పెట్రోల్ మండితే పొగే కాదు, నీళ్ళు కూడా పుడతాయి. పొద్దున్నే సైలెన్సర్ నుంచి చుక్కలు కారడం చూసే ఉంటావు. బండి అరగంట సేపు రోడ్డు మీద నడిస్తే ఇంజిన్ ఆయిలూ సైలెన్సరూ బాగా వేడెక్కి ఆ తడి ఆవిరై పోతుంది. ఐదు నిమిషాలకే ఆపేస్తే తడి అంతా లోపలే ఉండిపోతుంది. సైలెన్సర్ లోపలి నుంచి పుచ్చిపోతుంది, ఆయిల్ చెడిపోతుంది. పైగా సెల్ఫ్ కొట్టినప్పుడు బ్యాటరీ నుంచి పోయింది ఆ కొంచెం సేపట్లో తిరిగి ఎక్కదు. వారం వారం నువ్వు చేస్తున్నది ఇదీ.

మనకు కలిసొచ్చేది ఒకటుంది. మన దిక్కు గాలి పొడి. అదే కారు కాకినాడలోనో విశాఖలోనో ఉంటే సముద్రపు గాలికి డోర్ల అడుగులు ఎప్పుడో రాలిపోయేవి. మన దగ్గర ఇనుము నిలుస్తుంది. కానీ నల్లగొండ మే నెల ఎండకు రబ్బరు నిలవదు, డ్యాష్‌బోర్డు నిలవదు. ఒకసారి డోర్ చుట్టూ ఉన్న రబ్బరు బీడింగు వేలితో నొక్కి చూడు, మెత్తగా లోపలికి పోతుందా, లేక పెంకులాగా పలుకుతుందా.

కప్పి పెట్టడం గురించి నాకు బాగా నచ్చిన కథ ఒకటి చెప్తా. అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రంలో టల్సా అనే ఊరుంది. 1957లో ఆ ఊరివాళ్ళు కొత్త ప్లిమత్ బెల్వెడేర్ కారును కోర్టు ముందు పచ్చిక కింద కాంక్రీటు గది కట్టి పాతిపెట్టారు. యాభై ఏండ్ల తర్వాత తీయాలని షరతు. అణుబాంబు పడినా ఏం కాదని చెప్పుకున్న గది అది. 2007 నాటికి పెట్రోల్ బండ్లే ఉండవేమో అన్న అనుమానంతో లోపల పెట్రోల్ డబ్బాలు, ఇంజిన్ ఆయిల్ కూడా పెట్టారు, ఆ ముందుచూపుకు దండం పెట్టాలె. యాభై ఏండ్లకు ఊరి జనాభా ఎంతుంటుందో దగ్గరగా చెప్పినవాళ్ళకు కారు ఇస్తామని పోటీ కూడా పెట్టారు. 2007 జూన్‌లో జనమంతా చూస్తుండగా తెరిస్తే, గదిలో నీళ్ళు నిలిచి ఉన్నాయి. కారంతా తుప్పు, బురద పట్టి ఉంది. పోటీలో గెలిచినాయన 1979లోనే చనిపోయాడు, ఆ తుప్పు కారు ఆయన అక్కచెల్లెళ్ళకు దక్కింది. అదే ఏడాది తయారైన బెల్వెడేర్లలో రోడ్ల మీద తిరిగి, సొట్టలు పడి, రిపేర్లు చేయించుకున్నవి ఇప్పటికీ నడుస్తున్నాయి.

అంత దూరం ఎందుకు, మన దేశంలోనే చూడు. 1983 డిసెంబర్ 14న మొదటి మారుతి 800 తాళాలు ఇందిరాగాంధీ చేతుల మీదుగా ఢిల్లీలో హర్‌పాల్ సింగ్‌కు అందాయి. ఆయన దాన్ని దాచుకోలేదు, ఇంటి బండిగానే జీవితమంతా నడిపాడు. 2010లో ఆయన పోయాక నడిపేవాళ్ళు లేక ఇంటి బయట నిలబడిపోయింది. తుప్పు పట్టింది అప్పుడే. తర్వాత కంపెనీ దాన్ని బాగుచేసి తమ ఆఫీసులో ప్రదర్శనకు పెట్టింది.

అట్లని దాచేవాళ్ళందరూ పిచ్చోళ్ళని నేను అనను. మా ఊరి పేరే తీసుకో. పాలమూరుకు 1890లో మహబూబ్‌నగర్ అని పేరు పెట్టింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద. ఆయన తన కోసం ఒక రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ చేయించుకున్నాడు. పసుపు రంగు, వెనక ఎత్తుగా సింహాసనం లాంటి సీటు. బండి చేతికి రాకముందే 1911లో ఆయన పోయాడు. కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో అది వచ్చింది. అన్నేండ్లలో అది నాలుగు వందల మైళ్ళు కూడా తిరగలేదంటారు. అంటే మీ నల్లగొండ నుంచి హైదరాబాద్‌కు నాలుగైదు సార్లు అప్ అండ్ డౌన్ చేసినంత కూడా కాదు! ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. దాన్ని రోడ్డు మీదికి తెమ్మని నేను ఛస్తే అనను. అట్లాంటి సింహాసనం సీటు బండి మళ్ళీ దొరకదు. దానికి లారీ తగిలితే మళ్ళీ చేసుకునేది లేదు. అసలు చేయి పడని కారు ఏదైనా ఉంటే, దాని మీద ఫ్యాక్టరీ నాటి రంగు, నాటి బోల్టు, నాటి కుట్టు ఉంటాయి. ఒకసారి మార్చితే ఆ సాక్ష్యం పోయినట్టే. కానీ మ్యూజియంవాళ్ళ దాచుడు వేరు బావా. పెట్రోల్ మొత్తం తీసేస్తారు, టైర్ల మీద బరువు పడకుండా స్టాండ్ల మీద లేపుతారు, గదిలో తేమ ఎంతుందో చూస్తుంటారు. నెలనెలా జీతాలిచ్చి చేయించే పని అది. నీలాగా నీలం టార్పాలిన్ కప్పి, మీద ఇటుక పెట్టి వదిలేయరు.

రేటు సంగతి కూడా మాట్లాడుకుందాం, నీ మనసంతా అక్కడే ఉంది కాబట్టి. తక్కువ తిరిగిన బండికి ఎక్కువ ధర, కాదనను. మెక్‌లారెన్ ఎఫ్1 అనే కారు మొత్తం 106 మాత్రమే తయారైంది. వాటిలో 242 మైళ్ళే తిరిగిన ఒకటి 2021లో అమెరికా వేలంలో రెండు కోట్ల డాలర్లు దాటింది. నువ్వు ఇక్కడ ఆగిపోతావు, నేను ఆగను. మనమంతా చూసి నవ్వుకున్న మిస్టర్ బీన్, అదే రోవన్ అట్కిన్సన్, ఆయన దగ్గరా ఒక ఎఫ్1 ఉండేది. 1997లో సుమారు ఐదు లక్షల నలభై వేల పౌండ్లకు కొని 41 వేల మైళ్ళు నడిపాడు. రెండుసార్లు గుద్దాడు కూడా. రెండోసారి రిపేరుకే ఇన్సూరెన్స్‌వాళ్ళకు తొమ్మిది లక్షల పౌండ్లు దాటింది. అంతా అయ్యాక 2015లో ఎనభై లక్షల పౌండ్లకు అమ్మాడు. నడుపుకున్నాడు, గుద్దుకున్నాడు, పైసలూ చేసుకున్నాడు. ఆ 242 మైళ్ళ బండి ఓనర్‌కు పైసలైతే ఎక్కువే వచ్చాయి, కానీ మూడో గేరులో ఆ ఇంజిన్ ఎట్లా మోగుతుందో మాత్రం బీన్‌కే ఎక్కువ తెలుసు.

ఇంతకీ మన కాంటెస్సా ఆ జాతిది కాదు, ఏమీ అనుకోకు. బెంగాల్‌లో ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో 1984 నుంచి 2002 దాకా తయారు చేశారు. దాని అసలు డిజైన్ ఇంగ్లండులోని వాక్సాల్ కంపెనీ పాత కారుది. తర్వాత జపాన్ కంపెనీ ఇసుజు ఇంజిన్ పెట్టాకనే దానికి ఊపు వచ్చింది. మీదానికి ఇప్పటికే రెండుసార్లు పెయింటు వేయించారు, సీట్లు మిర్యాలగూడలో కొత్తగా కుట్టించారు, ముందు బంపర్ వేరే బండిది. చేయి పడని కారు అని దాన్ని ఎవడూ కొనడు. దానికి విలువ వచ్చేది కండిషన్‌తోనే. కొనడానికి వచ్చినవాడు తాళం అడుగుతాడు, ఒక రౌండ్ కొట్టి వస్తానంటాడు. అప్పుడు అది స్టార్ట్ కాకపోతే మీటర్ చూపించి ఏం చేస్తావు?

ఇంకో మెలిక ఉంది, నువ్వు ఆలోచించినట్టు లేదు. 2021లో కేంద్రం వింటేజ్ బండ్లకు రూల్స్ తెచ్చింది. యాభై ఏండ్లు దాటిన బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు, ఫీజు ఇరవై వేలు, నంబరు ప్లేటు మీద వీఏ అని వస్తుంది. కానీ ఆ ప్లేటు పెట్టాక రోజువారీగా నడపడానికి లేదు. ర్యాలీలు, ప్రదర్శనలు, రిపేరు, పెట్రోల్ పోయించుకోవడం, అట్లాంటి వాటికే బయటికి తీయాలి. మొట్టమొదటి కాంటెస్సాకు యాభై నిండేది 2034లో. మీది ఇంకా చిన్నదే. అంటే ఇప్పుడు ఆర్సీ రెన్యువల్ చేయించుకుంటే అది మామూలు కారు, సాగర్ దాకా పోయి చేపలు తిని రావచ్చు. ఆ ప్లేటు పెట్టుకుంటే నడపనియ్యని రోజు ముందుంది, నువ్వు ఇప్పుడే దాన్ని తెచ్చి నెత్తిన పెట్టుకుంటున్నావు.

నీ భయం నాకు అర్థం కాక కాదు. వెనక లైటు పగిలితే దొరకదు. అద్దం పగిలితే ఇంకా కష్టం. యాసంగి కోతలప్పుడు రోడ్డు మీద సగం దాకా వడ్లు పోసి, చుట్టూ రాళ్ళు పెడతారు, చీకట్లో కనపడవు. ఎవరి పెండ్లి బారాత్‌కన్నా ఇచ్చినవనుకో, పూల దండలు అతికించిన టేపు పెయింటును ఊడదీస్తుంది, పోరగాళ్ళు బానెట్ ఎక్కి ఆడతారు. అందుకని బారాత్‌కు మాత్రం ఇవ్వకు, మీ బామ్మర్ది అడిగినా సరే. చీకటి పడ్డాక తీయకు, కోతల నెలల్లో హైవే దాటి లోపలి రోడ్లు పట్టకు. ఇన్సూరెన్స్‌లో బండి విలువ ఎంతో ముందే మాట్లాడుకో. ఐదేండ్లు దాటిన బండికి ఆ విలువను కంపెనీ, మనం కలిసి ఒప్పుకోవాల్సిందే. వాళ్ళు కాగితం మీద ఏదో చిల్లర రాసేస్తే సంతకం పెట్టి రాకు.

తీసేముందు చేయాల్సింది చెప్తా. పాత పెట్రోల్ మొత్తం వంపేయి, ట్యాంకు కడిగించు. పెట్రోల్ పైపులు ఇథనాల్‌కు తట్టుకునేవి వేయించు, పాత రబ్బరుకు ఈ20 పడదు. కార్బురేటర్ విప్పించి శుభ్రం చేయించు. ఇంజిన్ ఆయిల్, బ్రేక్ ఆయిల్ మార్పించు. టైర్ల మీద గాట్లు బాగానే ఉన్నాయని మురిసిపోకు, పక్కన నాలుగు అంకెలు ఉంటాయి చూడు. 2214 అని ఉంటే 2014లో 22వ వారం తయారైందని అర్థం. అట్లాంటి టైరుతో ఎనభైలో పోతే నీ ఇష్టం.

అంతా అయ్యాక ఒక ఆదివారం పొద్దున్నే బయలుదేరి దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా మా ఇంటికి రా. దారిలో ఇంజిన్ వేడెక్కితే బానెట్ లేపి చెట్టు కింద ఆపు, వేడి మీద రేడియేటర్ మూత మాత్రం తిప్పకు. నాకు ఫోన్ చేస్తే చేతక్ స్కూటర్ మీద వచ్చి కలుస్తా. మటన్ నేను తెస్తా, చెల్లెను కూడా తీసుకురా, వెనక సీటులో కూర్చుంటే ఆమెకు కూడా మామయ్య గుర్తొస్తాడు.

వెనక లైట్ల గురించి ఇక్కడ మెట్టుగడ్డ దగ్గర ఒకాయనను అడిగా. ఎడమది ఒకటి ఉందంటున్నాడు, కుడిది లేదంట. నీకు కావాల్సింది ఏదో ఫోటో తీసి పంపు. బండి ఆ షెడ్డులో ఇంకా ఎన్ని రోజులు ఉంటుందో నువ్వే చూసుకో, ఆయన మాత్రం ఈ వారమే వస్తే లైటు ఇస్తానంటున్నాడు.

నీ
పాలమూరు బావ