మేం పోయాక మావాడు ఎక్కడుండాలి?

సంపాదకుల వారికి నమస్కారం.

ఏటా అక్టోబర్ 10న మానసిక ఆరోగ్య దినోత్సవమంటూ పత్రికల్లో వ్యాసాలు వస్తాయి. పరీక్షల టెన్షన్ ఎలా తగ్గించుకోవాలి, ఆఫీసు ఒత్తిడికి ప్రాణాయామం ఎలా చేయాలి, సెల్‌ఫోన్ ఎంతసేపు చూడాలి అని. అవీ అవసరమే, కాదనను. కానీ లేనివి ఉన్నట్టు నమ్మించే స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు ఉన్న కొడుకుని పెట్టుకుని డెబ్బై దాటిన ముసలివాళ్లు ఎలా నెట్టుకొస్తున్నారో రాసినవాళ్లు నాకైతే కనబడలేదు. అందుకే నేను రాస్తున్నాను. పేరు మాత్రం వేయకండి. మావాడు రోజూ పేపరు చదువుతాడు.

వాడికి ఇంజినీరింగ్ మూడో ఏడులో మొదలైంది. చాలామందికి ఈ జబ్బు ఆ వయసులోనే బయటపడుతుందట. ఇప్పుడు 42. మా ఆయన రిటైర్డ్ టీచరు, 76 నిండాయి, గుండెకి స్టెంట్ వేశారు. నాకు మోకాళ్లు లేవనివ్వవు. మందులు వేసుకున్నన్నాళ్లూ మావాడితో ఏ ఇబ్బందీ లేదు. కుళాయి నీళ్లు పడతాడు, వాళ్ల నాన్నకి క్రికెట్ వార్తలు చదివి వినిపిస్తాడు. మందు మానేశాడా, పక్కింటి డాబా మీది డిష్ తన మాటలు రికార్డు చేస్తోందని మొదలుపెడతాడు. కిటికీలకి దుప్పట్లు కట్టేస్తాడు. నేను వండింది ముట్టుకోడు. మాత్రని నాలుక కింద దాచి, తర్వాత పెరట్లో మందారం మొదట్లో ఉమ్మేస్తాడు. అందుకని మాత్ర ఇచ్చాక గ్లాసుడు మజ్జిగ తాగించి, అవీ ఇవీ మాట్లాడుతూ వాడి పక్కనే కూర్చుంటాను. ఏదీ నోరు తెరువు అని ఆ వయసు మగవాణ్ని అడగడం వాడికీ ఇష్టం ఉండదు, నాకూ ఉండదు.

చుట్టాల సలహాలకి లోటు లేదు. పెళ్లి చేస్తే అదే కుదురుకుంటుందని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. ఎవరో కన్నబిడ్డని తెచ్చి ఈ ఇంట్లో నర్సుని చేయడానికి మాకు మనసొప్పలేదు.

ఒకసారి జబ్బు ముదిరి వాళ్ల నాన్నని తోసేస్తే మణికట్టు విరిగింది. అంబులెన్సుకి ఫోన్ చేస్తే పోలీసులు వస్తేనే ఎక్కించుకుంటామన్నారు. పోలీసులేమో ఇంటి గొడవల్లోకి మేం రాము, డాక్టరు దగ్గర కాగితం తెండి అన్నారు. మనిషిని చూడకుండా కాగితం ఎలా ఇస్తామని ఆసుపత్రివాళ్లు. ఆఖరికి వీధి చివర ఆటోస్టాండు కుర్రాళ్లే మంచి మాటలు చెప్పి వాణ్ని ఆటో ఎక్కించారు. చట్టంలో ఏముందో తర్వాత తెలుసుకున్నాం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ ప్రకారం, జబ్బు వల్ల తనకో ఎదుటివాళ్లకో ప్రమాదం తెచ్చేలా ఉన్న మనిషిని రక్షణలోకి తీసుకుని, 24 గంటలు దాటకుండా దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాల్సింది పోలీసులే. లాకప్‌లో పెట్టకూడదని కూడా అందులోనే ఉంది. ఈ ఒక్క పేజీ తెలుగులో అచ్చేసి ప్రతి స్టేషన్ గోడకీ అంటిస్తే ఎంత ఖర్చవుతుంది?

నేను చట్టాన్ని తిట్టడం లేదు. గొలుసులతో కట్టెయ్యడం నేరమంది. ఆస్తి కోసం ఎవరినో పిచ్చివాడని ముద్ర వేసి లోపల పడేయడం కష్టం చేసింది. మనిషి ఒప్పుకోకపోయినా చేర్చుకోవాల్సి వస్తే మొదట 30 రోజులకే అనుమతి. ఆ తర్వాతా ఉంచాలంటే మళ్లీ పరీక్షలు, ఆ చట్టం కింద ఏర్పడే మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు అనుమతి కావాలి. తేరుకున్నవాణ్ని ఇంటికి పంపాలి కూడా, బతికినంత కాలం ఉండటానికి ఆసుపత్రి ఇల్లు కాదు కదా. నా ప్రశ్నల్లా, ఇంట్లో మేం లేనప్పుడు ఎక్కడికి పంపుతారని.

దీనికీ ఆ చట్టంలోనే జవాబుంది. వెళ్లే చోటు లేదన్న కారణంతో ఎవర్నీ ఆసుపత్రిలోనే ఉంచెయ్యకూడదని, అలాంటివాళ్ల కోసం హాఫ్‌వే హోములు (ఆసుపత్రి నుంచి వచ్చాక కొన్నాళ్లు ఉండే చోట్లు), గ్రూప్ హోములు (కొందరు కలిసి ఉండే ఇళ్లు) ప్రభుత్వాలే ఏర్పాటు చేయాలని 19వ సెక్షన్ చెబుతోంది. ఆ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. మహారాష్ట్రలో కోలుకున్న రోగుల్ని బిచ్చగాళ్ల హోములకీ వృద్ధాశ్రమాలకీ తరలిస్తుంటే అది చట్టానికే విరుద్ధమని 2021లో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. మన దగ్గర సర్కారు తలుపు అంటే ఎర్రగడ్డ, విశాఖ ఆసుపత్రులే గుర్తొస్తాయి. అవి వైద్యం చేసే చోట్లు. ఆ తర్వాతి మెట్టు కోసం మా చుట్టుపక్కల వెతికితే మాకు దొరికినవన్నీ ప్రైవేటు హోములే. కొన్నిట్లో తాగుడు మాన్పించడానికి తెచ్చినవాళ్లనీ వీళ్లనీ ఒకే హాల్లో పడుకోబెడుతున్నారు. నెలకి వాళ్లడిగే డబ్బు టీచరు పెన్షన్‌తో అయ్యేది కాదు. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఏర్వాడిలో అలాంటి ఒక ప్రైవేటు హోములో, పాక మంటల్లో గొలుసులకి కట్టి ఉన్న 28 మంది రోగులు కాలిపోయారు. దిక్కు తోచని ఇంటివాళ్లు చివరికి అలాంటి గుమ్మమే ఎక్కుతారు.

అదే తమిళనాడులో బన్యన్ అనే సంస్థ మామూలు వీధిలో ఇల్లు అద్దెకి తీసుకుని, నలుగురైదుగురిని కలిపి ఉంచి, తోడుగా ఒక మనిషిని పెడుతోంది. వాళ్లే వండుకుంటారు, బజారుకి వెళతారు. దీనికి పెద్ద భవనాలూ శంకుస్థాపనలూ అక్కర్లేదు. (బహుశా అందుకే మన నాయకుల కంట పడలేదు.)

ఇంకో చిక్కు గార్డియన్‌షిప్‌ది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్న పిల్లల కోసం 1999లోనే నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. కలెక్టర్ ఉండే కమిటీకి దరఖాస్తు పెట్టుకుంటే గార్డియన్‌ని నియమిస్తారు. లక్ష రూపాయల దాకా నిరామయ ఆరోగ్య బీమా ఉంది, గ్రూప్ హోముల పథకమూ ఉంది. ఆ తల్లిదండ్రులకి అవి దక్కినందుకు సంతోషమే. కానీ ఆ జాబితాలో మానసిక జబ్బు లేదు. 2016 దివ్యాంగుల చట్టం మానసిక రుగ్మతనీ 21 వైకల్యాల్లో ఒకటిగా గుర్తించినా, పాత చట్టం జోలికి ఎవరూ పోలేదు. 2017 చట్టంలో నామినేటెడ్ ప్రతినిధి అని ఒకరుంటారు. ఆ ప్రతినిధి వైద్యం విషయంలో మాట్లాడగలరు గానీ బ్యాంకు ఖాతాలో చెయ్యి పెట్టలేరు. ఎవరూ లేకపోతే ఆ బాధ్యత సాంఘిక సంక్షేమ శాఖ డైరెక్టర్ దాకా పోతుందట. మందారం మొదట్లో మాత్రలు వెతకాలని ఆ డైరెక్టరు గారికి ఎవరు చెబుతారు?

మా ఆయన తర్వాత, ఆ తర్వాత నేనూ పోయాక, సంపాదించుకోలేని బిడ్డగా వాడికి ఫ్యామిలీ పెన్షన్ వచ్చే వీలుంది. అది వాడి చేతికి గార్డియన్ ద్వారానే రావాలి. తండ్రో తల్లో ముందే నామినేట్ చేసి ఉంటే కోర్టు సర్టిఫికెట్ కోసం పట్టుబట్టొద్దని కేంద్ర పెన్షన్ల విభాగం బ్యాంకులకి చెప్పింది. రాష్ట్ర ఖజానాశాఖ కూడా అలాంటి ఉత్తర్వే ఇచ్చి అమలు చేయిస్తే మావంటివాళ్లకి కోర్టు మెట్లు తప్పుతాయి. మా అమ్మాయి పేరు రాద్దామంటే దానికీ అత్తమామలున్నారు, పిల్లలున్నారు. తమ్ముడి పెన్షన్ కాగితాలు చూడగలదు గానీ తమ్ముణ్ని ఇంట్లో పెట్టుకోమని నేను దాన్ని అడగను.

మాకు రెండు గదుల సొంతిల్లుంది, వెనక కాస్త ఖాళీ జాగా ఉంది. మా తదనంతరం దాన్ని ప్రభుత్వానికి రాసిస్తాం, మావాడితో పాటు ఇంకో ముగ్గురిని అందులో ఉంచి ఒక మనిషిని పెట్టండని ఓ ఆఫీసుకి వెళ్లి అడిగాం. అలాంటి స్కీము లేదమ్మా అన్నారు. పోనీ ఎవర్ని అడగాలంటే వైద్యారోగ్య శాఖ అని ఒకరు, దివ్యాంగుల సంక్షేమ శాఖ అని ఇంకొకరు. ఈ రెండిట్లో ఏది తీసుకుంటుందో ఆ శాఖల అధికారుల చేత మీ పత్రికలోనే చెప్పించండి. మా ఆయన ఓపికగా తిరగగలుగుతున్నప్పుడే దరఖాస్తు పెట్టుకుంటాం.

ఇట్లు
ఒక తల్లి, గుంటూరు జిల్లా