అన్న పేరున్న స్కానర్ తీసేశాం

బెంగళూరు మారతహళ్ళిలో మా మెస్సుకు రోజూ వచ్చే అన్నలకు, అక్కలకు, తమ్ముళ్లకు నమస్కారం.

షట్టర్ ఎందుకు దించి ఉందో చాలామందికి ఈపాటికి తెలిసిపోయింది. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. మా అన్న పోయాడు. గుండెపోటు. ప్రొద్దుటూరు దగ్గర మా ఊళ్లో పెద్ద కర్మ చేసుకుని వచ్చి మళ్లీ తెరిచాం. నెల క్యారేజీకి కట్టినవాళ్లకు మూసిన రోజులన్నీ వచ్చే నెలలో కలుపుతాం, మీరు అడగక్కర్లేదు.

ఇక స్కానర్ సంగతి. గల్లా పక్కన ఇన్నేళ్లూ ఉన్నది అన్న ఖాతాది. తెరిచిన రోజు దాన్ని బోర్లా పెట్టాను గానీ తీసెయ్యడానికి చెయ్యి రాలేదు. ఒక తమ్ముడు అలవాటు కొద్దీ ఫోన్లో పాత నెంబరు తీసి, అన్న పేరు కనబడగానే నా మొహం చూశాడు. "అన్నా, దీనికి పంపొచ్చా?" అన్నాడు. నగదు ఉంటే ఇవ్వమన్నాను. లేదన్నాడు. రేపు ఇద్దువులే అన్నాను. ఇలా ఎంతమందికి చెప్పగలం?

నియమం తెలియక కాదు ఇదంతా. ఖాతాదారు పోయాక బ్యాంకుకు చెప్పాలి, వాళ్లు ఖాతా ఆపుతారు. మరణ ధృవపత్రం, క్లెయిమ్ ఫారం, గుర్తింపు కాగితాలు నామినీ ఇస్తే 15 రోజుల్లో తేల్చాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. అయినా ఆ కౌంటర్ ముందు నిలబడి "మా అన్న లేడు" అని రాసి సంతకం పెట్టడానికి నాకు ఒళ్లు ఒప్పలేదు. రోజూ రేపు పోదామనుకోవడం, రోజూ ఏదో పని తగలడం.

చివరికి వెళ్లాం. అప్పుడు ఇంకో చిక్కు: కొత్త స్కానర్ ఎవరి పేరు మీద? చుట్టాలంతా నీ పేరు మీద చేయించుకో, ఇంక మగదిక్కు నువ్వే కదా అన్నారు. దాచడమెందుకు, నాకూ ఆశ ఉంది. సంగటి తెడ్డు పట్టుకుని పొయ్యి దగ్గర మాడింది నేను. బోర్డు మీదా, కాగితాల మీదా ఉన్నది ఆయన పేరు. ఆయన ఉన్నప్పుడు అది నాకు తప్పనిపించలేదు, పోయాకే లెక్కలు గుర్తొచ్చాయి. రెండు రాత్రులు నిద్ర లేదు. తెల్లారి వదినను పిలుచుకుని పోయి ఆమె పేరు మీదే చేయించాను. ఫుడ్ లైసెన్సు కూడా అంతే. లైసెన్సు ఉన్నాయన పోతే ఇంటివాళ్లు 90 రోజులు దాని మీదే నడుపుకోవచ్చు, ఆలోపు మార్చుకోవాలి. అదీ వదిన పేరుకే. కాబట్టి ఇకమీదట స్కాన్ చేస్తే ఆడపేరు వస్తుంది, కంగారు పడొద్దు. పాత నెంబరు సేవ్ అయ్యుంటే తీసెయ్యండి. డబ్బు మధ్యలో ఇరుక్కుంటే మీకూ మాకూ తలనొప్పి.

ఏడాది తిరక్కుండానే వదిన గల్లా మీద కూర్చుందేమిటని ఒకరిద్దరు నా చెవిన వేశారు. ఇంట్లో ఉంటే గోడ చూస్తా కూర్చుంటుంది. ఇక్కడ లెక్క చూస్తుంది, మధ్యలో ఏడుస్తుంది. అప్పుడు చిల్లర కాస్త ఆలస్యమవుతుంది, అంతే.

నాటుకోడి పులుసు ఎందుకు ఉండట్లేదని అడుగుతున్నారు. కోళ్లు తెచ్చే ఆయనకూ అన్నకూ నోటిమాట మీదే ఖాతా, నెలాఖరుకు లెక్క. మూడో దినం, ఇంకా అస్థికలు ఏట్లో కలపలేదు, ఆయన ఫోను వచ్చింది. పలకరించడానికేమో అనుకున్నా. "పాత బాకీ ఎవరు కడతారు? అది తేలేదాకా కోళ్లు దింపను" అన్నాడు. అన్న ఎలా పోయాడని కూడా అడగలేదు. చీటీ పాడుకుని పైసాతో సహా కట్టి, రసీదు రాయించుకున్నా. ఇన్నేళ్లలో అదే మొదటి రసీదు. తర్వాత ఆయనే వచ్చి కిలోకు ఇంత తగ్గిస్తానన్నాడు. వద్దన్నా. లోకంలో నాటుకోళ్లన్నీ ఆయన దొడ్లోనే పుట్టవు. చింతామణి వైపు రైతుల దగ్గర కొత్తగా మాట్లాడుకున్నాం. అక్కడ ధర ఎక్కువే, అయినా ప్లేటు రేటు ఉగాది దాకా పెంచను. నష్టమొస్తే నా పౌరుషానికైన ఖర్చు అనుకుంటా.

మీలో కొందరు మాతో ఏం మాట్లాడాలో తెలియక పార్సిల్ తీసుకుని తల దించుకుని పోతున్నారు. అట్లా వద్దు. అన్న మీతో వేసిన జోకులు చెప్పండి, వదిన వింటుంది. షుగరుందా, మందు తాగేవాడా, ఆస్పత్రికి ఆలస్యంగా తీసుకుపోయారా అని మాత్రం అడగొద్దు. ఆ ప్రశ్నలు మేమే రోజూ రాత్రి వేసుకుంటున్నాం. "ఏదైనా కావాలంటే చెప్పండి" అన్నవాళ్లందరికీ దండాలు, కానీ ఎవరికీ ఫోను చేయలేకపోయాం, ఏం కావాలో మాకే తెలియదు గనక. ఒక ఆటో అన్న చెప్పాపెట్టకుండా వచ్చి పిల్లల్ని బడికి తీసుకుపోవడం మొదలుపెట్టాడు. ఒక సాఫ్ట్‌వేర్ అమ్మాయి ధృవపత్రం జిరాక్సులు కట్టగా తెచ్చిచ్చింది, ప్రతి ఆఫీసులోనూ ఒకటి అడుగుతారని ఆమెకు తెలుసు. వాళ్ల నాన్న పోయి ఏడాదైందట.

గిన్నెలు కడిగే ఒడిశా పిల్లాడు అన్న పోయినప్పటి నుంచి సరిగా తినట్లేదు, నిద్ర లేదు. వాడికి చుట్టరికం లేదు గనక వాణ్ణి పలకరించేవాళ్లు లేరు. ఒక అక్క 14416 అని నెంబరు ఇచ్చింది. టెలీ మానస్ అంటారు, మనసు బాగోలేనివాళ్లతో ఫోన్లో మాట్లాడతారు, ప్రభుత్వానిది, ఖర్చు ఉండదు. 2022 అక్టోబరులో మొదలైంది, మన హోసూరు రోడ్డులో ఉన్న మానసిక ఆస్పత్రి నిమ్హాన్సే దానికి జాతీయ కేంద్రం. తెలుగులోనూ మాట్లాడతారు. వాడితో చేయించాం, ఇంకోసారి తనే చేసుకున్నాడు. మీ ఇళ్లలో అవసరం ఉంటే రాసిపెట్టుకోండి. వాడితో కూడా నాలుగు మాటలు మాట్లాడండి, హిందీ వచ్చినవాళ్లు.

ప్రస్తుతం మధ్యాహ్నం భోజనం మామూలే. రాత్రిపూట తొమ్మిదిన్నరకు కట్టేస్తాం, పొయ్యి దగ్గర ఇంకో చెయ్యి దొరికేదాకా. సంగటి, నాటుకోడి శనివారం, ఆదివారం మాత్రమే. పొద్దున పదిలోపు ఫోను చేస్తే మీ ప్లేటు పక్కన పెడతాం.