గర్భసంచి తీయడానికి ఉన్న పోటీ, క్యాన్సర్ పరీక్ష చేయడానికి లేదు

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మా మండల కేంద్రంలో బస్టాండు రోడ్డు పొడుగునా నర్సింగ్ హోములే. 'మహిళలకు ఉచిత క్యాన్సర్ శిబిరం' అని తరచూ ఫ్లెక్సీ కడతారు. వెళ్తే బీపీ, షుగర్ చూసి స్కానింగ్ సగం రేటుకే అంటారు. గర్భాశయ ముఖద్వారం పరీక్ష మాత్రం ఎవరూ చేయరు. తెల్లబట్ట అవుతోందని వెళ్లిన మా పిన్నికి అప్పటికి ముప్పై ఆరేళ్లు. "పుండు పడింది, తీసేయకపోతే క్యాన్సర్‌లోకి దిగుతుంది" అన్నారు. పాప్ స్మియర్ (ముఖద్వారం దగ్గరి కణాలు తీసి చూసే పరీక్ష) కూడా చేయకుండానే గర్భసంచి తీసేసే ఆపరేషన్ అయిపోయింది. బండి మీద తీసుకెళ్లిన ఆర్‌ఎంపీకి కమీషన్ ముట్టిందని ఊళ్లో అందరూ అనుకునేదే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 30-49 ఏళ్ల ఆడవాళ్లలో ఒక్కసారైనా గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నవాళ్లు దేశంలో నూటికి ఇద్దరు కూడా లేరు. మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల మధ్యే గర్భసంచి తీయించుకున్నవాళ్లు నూటికి దాదాపు తొమ్మిది మంది. దేశంలో మనమే ముందు!

నిజానికి ఆ పరీక్షల్లో తేలికైనదానికి పెద్ద మెషీన్ అక్కర్లేదు. పలచని ఎసిటిక్ యాసిడ్‌ను దూదితో ముఖద్వారానికి అద్ది, ఒక్క నిమిషం ఆగి, తెల్ల మచ్చ తేలిందా అని లైటు వేసి చూడటమే. అనుమానం ఉందో లేదో అప్పటికప్పుడే తెలుస్తుంది. కణాల్లో వచ్చే ముందస్తు మార్పులు క్యాన్సర్‌గా ముదరడానికి మామూలుగా ఏళ్లు పడుతుంది కాబట్టి రేపే కోసేయాలన్న తొందరా ఉండదు. కానీ ఈ పరీక్షను నమ్ముకుంటే నర్సింగ్ హోముకు అద్దె డబ్బులు కూడా రావు. అందుకే ఎన్ని ఆసుపత్రులు పోటీపడ్డా ఇది అక్కడ దొరకదు.

పోనీ ఇంటింటికీ తిరిగి చేసే ప్రభుత్వ క్యాన్సర్ సర్వే సంగతి? ఏఎన్‌ఎం ఫోన్ పట్టుకుని గుమ్మంలో నిలబడుతుంది. మామగారు అరుగు మీద ఉండగానే "రొమ్ములో గడ్డలున్నాయా? తెల్లబట్ట అవుతోందా?" అని అడుగుతుంది. కోడలు ఏం చెబుతుంది? "ఏం లేవు" అంటుంది. ఒక టిక్. ఏఎన్‌ఎంను తప్పుపట్టను. టెలికాన్ఫరెన్స్‌లో పీహెచ్‌సీల వారీగా శాతాలు చదువుతుంటే ఆమె టెన్షన్ ఆమెది. అక్కడా పోటీయే, కాకపోతే టిక్కుల కోసం.

ఆ పోటీ ఉండనివ్వండి, కొలత మార్చండి. ఎన్ని ఇళ్లు తిరిగారని కాదు, ఎంతమందికి నిజంగా పరీక్ష చేశారు, అనుమానం ఉన్నవాళ్లలో ఎంతమంది పెద్దాసుపత్రి దాకా చేరారు అని అడగండి. విలేజ్ క్లినిక్‌లో గడియ పడే గది, బల్ల, మంచి లైటు, వారంలో ఒక రోజు శిక్షణ ఉన్న ఆడ సిబ్బంది ఉండేలా చూడండి. అనవసరంగా గర్భసంచులు తీయడంపై కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమల్లోకి తేవాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఆ ప్రకారం మన జిల్లాలో ఎన్ని ప్రైవేటు ఆపరేషన్లను తనిఖీ చేశారో బయటపెట్టండి. నలభై లోపు వాళ్లకు, ప్రాణం మీదికి వస్తే తప్ప, పరీక్ష రిపోర్టు, రెండో డాక్టరు సంతకం లేకుండా ఆపరేషన్ చేయకూడదని జీవో ఇవ్వండి.

ఇట్లు,
పల్నాడు జిల్లా నుంచి ఒక అంగన్‌వాడీ టీచర్